డైసీ: పుట్టిల్లు, మెట్టినిల్లు

జూన్ మాసం వచ్చిందంటే కిచెనర్ నగరంలో తెల్లని డైసీలు విరగబూస్తాయి. ఒకప్పటి రైలుదారి నడకదారిగా మారిన ఐరన్ హార్స్ ట్రెయిల్ పక్కన, హైవే గట్ల మీద, ఖాళీ స్థలాలలో ఎక్కడ చూసినా అవే. పిల్లల దగ్గర కొన్నాళ్లు గడపడానికి తెలుగు దేశం నుంచి వచ్చిన పెద్దలు సాయంకాలపు నడకలో వాటిని చూసి, "ఇవి మన చేమంతులే" అని తేల్చేస్తారు. పక్కన నడుస్తున్న మనుమలు "కాదు, అవి డైసీలు" అని సరిదిద్దుతారు. ఈ వివాదంలో శాస్త్రం చాలావరకు పెద్దల పక్షమే. 1753లో లిన్నేయస్ ఈ మొక్కకు పెట్టిన పేరు క్రిసాంథిమమ్ ల్యూకాంథిమమ్. చేమంతి ప్రజాతిలోనే చేర్చి, తెల్లపూలదని విశేషణం తగిలించాడన్నమాట. తరువాతి వృక్షశాస్త్రజ్ఞులు దానిని వేరింటి కాపురం పెట్టించి ల్యూకాంథిమమ్ వల్గేర్ అన్నారు. ఇంగ్లీషు వాడుకలో అది ఆక్స్-ఐ డైసీ, అంటే ఎద్దుకన్ను డైసీ.

పేరు మారినంత మాత్రాన వస్తువు మారదని కిచెనర్ వాసులకు వేరే చెప్పనక్కరలేదు. ఈ ఊరు 1916 వరకు బెర్లిన్. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆ జర్మన్ పేరు కంటకంగా తోచి, ఆ ఏడే మరణించిన లార్డ్ కిచెనర్ పేరు పెట్టుకున్నారు. ఆయన 1902 నుంచి 1909 వరకు భారతదేశంలో సర్వసేనాధిపతిగా పనిచేసినవాడే. చేమంతికి కూడా ఇటువంటి అవస్థ తప్పలేదు. పూలకొట్లలో దొరికే చేమంతిని కొంతకాలం పండితులు డెండ్రాంథిమా అనే కొత్త ప్రజాతికి మార్చారు. తోటమాలులు, పూల వ్యాపారులు మొత్తుకోగా 1999లో పాత పేరు తిరిగి ఇచ్చారు.

పేరు సంగతి తేలినా, ఈ డైసీ కిచెనర్‌దా కాదా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. కాదు. అది యూరప్ నుంచి వలస వచ్చినవారి గడ్డిమోపులలో, పంట విత్తనాలలో కలిసి సముద్రం దాటిన మొక్క. అయితే ఈ ఊళ్లో దాని స్థానమేమిటి? దానిని ఆదరించాలా, పెరికివేయాలా? ఇందుకు సమాధానం వెదికేముందు పువ్వును కొంచెం దగ్గరగా చూడడం మంచిది.

దగ్గరగా చూస్తే అది పువ్వే కాదు. ఒక డైసీ అంటే ఒక పూలసభ. నడుమ పసుపుపచ్చగా కనిపించే బొత్తంలో వందలాది చిన్న పూలు కిక్కిరిసి ఉంటాయి. ప్రతిదానికీ తనదైన ఆకర్షణపత్రాల గొట్టం, కేసరాలు, కీలాగ్రం ఉంటాయి. చుట్టూ తెల్లని రేకులుగా భ్రమింపజేసేవి కూడా విడివిడి పూలే. ఒక్కొక్క రేకు ఒక్కొక్క పువ్వు. వీటిని కిరణపుష్పకాలని, నడిమివాటిని చక్రపుష్పకాలని పాఠ్యపుస్తకాలు వ్యవహరిస్తాయి. పూర్వం ఈ కుటుంబానికి ఉన్న కంపోజిటే అన్న పేరు, కూర్పు పూలది అన్న అర్థంలో, ఇప్పటి ఆస్టరేసీ కంటే ఎంతో సార్థకమైనది. దానిని వదులుకోవడం తెలివైన పని కాదేమో. ప్రేమికుడు రేకులు తుంచుతూ ఔనా కాదా అని లెక్కపెట్టే యూరప్ ఆటలో నిజానికి తెగిపడుతున్నవి ఇరవై పాతిక పూలు.

నడిమి పూలు ఇష్టం వచ్చినట్లు కూర్చోవు. కుడివైపు తిరిగే వలయాలు, ఎడమవైపు తిరిగే వలయాలు ఒకదానినొకటి ఖండించుకుంటూ ఏర్పడతాయి. వాటిని లెక్కిస్తే డైసీలో తరచు 21, 34 వస్తాయి; పొద్దుతిరుగుడు పువ్వులో 34, 55 వస్తాయి. వెనుకటి రెండు సంఖ్యలు కలిపితే ముందరి సంఖ్య వచ్చే ఈ శ్రేణికి ఫిబొనాచీ పేరు స్థిరపడింది. ఆయన గ్రంథం 1202 నాటిది. అంతకు ముందే, మాత్రాఛందస్సులో గురులఘువులను ఎన్ని విధాల కూర్చవచ్చునో లెక్కించిన విరహాంకుడు, హేమచంద్రుడు ఈ శ్రేణిని ఎరిగినవారు. పువ్వుకు ఛందస్సు తెలియదు. ప్రతి కొత్త మొగ్గ వెనుకటి మొగ్గకు సుమారు 137.5 డిగ్రీల కోణంలో పుట్టడమే అది పాటించే నియమం. ఆ ఒక్క నియమంతో ఉన్న చోటంతా వ్యర్థం కాకుండా నిండిపోతుంది.

ఇక మనిషి కంటికి ఆనని రంగు ఒకటి ఉంది. కెనడా పచ్చికబయళ్లలో పెరిగే బ్లాక్-ఐడ్ సూజన్ అనే పసుపు పువ్వు ఇదే కుటుంబానిది. మనిషికి దాని రేకు మొదలు నుంచి కొస వరకు ఒకే పసుపు. అతినీలలోహిత కాంతిని చూడగల తేనెటీగకు మాత్రం రేకు అడుగుభాగం నల్లగా, పైభాగం మెరుస్తూ కనిపిస్తుంది. నడిమి తేనెకు దారి చూపే గురి అది. ఆ నలుపుకు కారణం ఫ్లేవనాల్ వర్గపు పదార్థాలని 1972లో కార్నెల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు వేరుచేసి నిరూపించారు.

ఇన్ని పూలను ఒకే పీఠం మీద కూర్చోబెట్టే ఈ ఉపాయం ఎంత ఫలించిందంటే, సుమారు ముప్పైవేల జాతులతో ఈ కుటుంబం పూలమొక్కలన్నిటిలో అతి పెద్దదిగా, ఆర్కిడ్లతో మాత్రమే పోటీపడేదిగా నిలిచింది. తెలుగువారి ఇంట అది ఎన్ని రూపాలలో ఉన్నదో చాలామంది గమనించరు. బంతి, చేమంతి సరే. దండలో మరువంతో పాటు గుచ్చే దవనం ఈ కుటుంబమే. వినాయకచవితి నాటి ఇరవైయొక్క పత్రాలలో మొట్టమొదట సమర్పించే మాచీపత్రం దవనానికి దగ్గరి చుట్టం. తలనూనెలో కాచే గుంటగలగర, తెలంగాణ చేలలోని కుసుమ, దెబ్బ తగిలితే పసరు పిండే గడ్డిచేమంతి, అనగా గాయపాకు, అన్నీ ఈ ఇంటివే. అరకులోయను పసుపు చీరలా కప్పే వలిసె పూలు కూడా. ఆ వలిసె స్వస్థలం ఇథియోపియా. దాని గింజలకు కిచెనర్‌తో ఒక సంబంధం ఉన్నది. ఇక్కడి పెరళ్లలో గోల్డ్‌ఫించ్ పిట్టల కోసం వేలాడదీసే సన్నని నల్లగింజల సంచీలో ఉండేవి వలిసెలే. భారతదేశం, ఇథియోపియా వంటి దేశాల నుంచి అవి వస్తాయి. వాటితో కలిసివచ్చే కలుపు విత్తనాలు ఇక్కడ మొలకెత్తకుండా ముందుగా వాటిని వేడిచేస్తారు. ఒక చిన్న పిట్టమేతకు ఇంత జాగ్రత్త ఎందుకో కొంచెం ముందుకు వెళితే తెలుస్తుంది.

ఈ కుటుంబం ఇంతగా విస్తరించడానికి పూలసభ ఒక్కటే కారణం కాదు. ఈ మొక్కలు గొప్ప రసాయనికులు. కదలలేని ప్రాణి తనను తినవచ్చేవారిని ఎదుర్కోవడానికి ఆయుధాలు తయారుచేసుకుంటుంది. ఆ ఆయుధశాల వీటిలో ఉన్నంత సంపన్నంగా మరెక్కడా అరుదు. ఏడ్రియాటిక్ తీరపు డాల్మేషియాలో పుట్టిన ఒక తెల్లడైసీ ఎండుపూల పొడి పురుగులను చంపుతుందని పూర్వమే తెలుసు. అందులోని పైరెథ్రిన్ల నిర్మాణాన్ని స్టౌడింగర్, రుజిచ్కా శోధించి 1924లో ప్రకటించారు. మూడు కార్బన్ల ఇరుకైన వలయం ఒకటి ఆ అణువులో ఉండడం ఆనాటి వారికి విడ్డూరం. తరువాత ఇద్దరికీ వేర్వేరు పరిశోధనలకు నోబెల్ బహుమతులు వచ్చాయి. జపానులో ఉయెయామా ఈ పూలపొడిని అగరువత్తిలా చేసి, ఆపైన చుట్టగా చుట్టి 1902లో అమ్మకానికి పెట్టాడు. తెలుగునాట వేసవి రాత్రుల్లో మంచం కింద వెలిగించే దోమల కాయిల్‌కు మూలపురుషుడు అదే. ఇప్పుడు వాడేవి కృత్రిమ పైరెథ్రాయిడ్లు. అయినా వాటి నమూనా డైసీదే.

మరొక వర్గం సెస్క్విటెర్పీన్ లాక్టోన్లు. పదిహేను కార్బన్ల అస్థిపంజరం మీద కట్టిన చేదు పదార్థాలివి. దవనం, మాచిపత్రి ప్రజాతికే చెందిన ఒక చైనా మొక్క నుంచి 1972లో తూ యూయూ బృందం వేరుచేసిన ఆర్టిమిసినిన్ ఈ వర్గానిదే. దానిలోని రెండు ఆక్సిజన్ల వంతెన మలేరియా క్రిమిలోని ఇనుముతో తగిలి తెగినప్పుడు పుట్టే శకలాలు ఆ క్రిమినే చంపుతాయి. ఆమెకు 2015లో నోబెల్ బహుమతి లభించింది. ఇంతటి ప్రాణదాత వర్గంలోనే పార్థెనిన్ కూడా ఉన్నది. ఇది వయ్యారిభామలోని విషం. దాని అణువులో ఒక చివర చర్మపు ప్రోటీన్ల గంధక భాగాలకు అతుక్కుంటుంది. దానిని శరీరం శత్రువుగా భావించి తిరగబడుతుంది. చేతులు, మెడ, కనురెప్పలు దద్దురుకట్టి, ఏళ్ల తరబడి మానని చర్మవ్యాధితో బాధపడే రైతుకూలీలు తెలుగు జిల్లాలలో ఎందరో.

వయ్యారిభామ కథ ఇక్కడ కొంచెం వివరంగా చెప్పదగినది. ఆ మొక్క పుట్టుక అమెరికా ఉష్ణప్రాంతాలలో. 1950ల మధ్యలో పూణె వద్ద దానిని గమనించారు. అమెరికా గోధుమలతో దిగిందని జనశ్రుతి. కాంగ్రెసు గడ్డి అన్న పేరు కూడా ఆ రోజులలో పుట్టిందే. చూస్తుండగానే దేశమంతా రోడ్ల పక్కన, పొలం గట్ల మీద, ఇళ్ల స్థలాలలో అల్లుకుపోయింది. పశువులు ముట్టవు. మొక్క తన స్వస్థలంలో ఇంత ఆగడం చేయదు, ఎందుకంటే అక్కడ దానిని తినే పురుగులు ఉన్నాయి. సముద్రం దాటేటప్పుడు విత్తనం వచ్చింది గాని శత్రువు రాలేదు. ఆ సంగతి గ్రహించే మెక్సికో నుంచి జైగోగ్రామా అనే పెంకుపురుగును తెప్పించి 1984లో బెంగళూరు ప్రాంతంలో వదిలారు. కొన్నిచోట్ల ఫలితం కనిపించింది. మొక్క మాత్రం పోలేదు. దీని సోదరి గుయాయులే రబ్బరు పాలు ఇచ్చే ఉపయోగకరమైన మొక్క కావడం ఈ కథలో మరొక మెలిక.

ఇప్పుడు మూడు మొక్కలను పక్కపక్కన పెట్టి చూడాలి. బంతి, గడ్డిచేమంతి, వయ్యారిభామ మూడూ అమెరికా ఖండం నుంచి వచ్చినవే, మూడూ ఒకే కుటుంబానివే. బంతి మెక్సికో దేశంలో మృతుల పండుగకు పరిచే పువ్వు. తెలుగునాట గుమ్మానికి తోరణమై, బతుకమ్మ మీద వరుసగా నిలిచి, పరాయిదన్న ఊహకే తావులేకుండా కలిసిపోయింది. దాని వేళ్లలోని ఆల్ఫా-టెర్థైనిల్ అనే పదార్థం నేలలోని నులిపురుగులను చంపుతుంది. దానిని దోమపిల్లల మీద ప్రయోగించి, కాంతి తగిలినప్పుడు మరింత విషమవుతుందని 1980లలో ఒటావా విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. (దీనిని ఆధారం చేసుకుని, బతుకమ్మ పూలు చెరువునీటిని శుద్ధి చేస్తాయని కొందరు సభలలో చెప్పడం తొందరపాటు. విషం పూలలో కంటే వేళ్లలో మెండు. చెరువు పరిమాణానికి ఎన్ని పూలు చాలునో కొలవకుండా ఆ మాట అనరాదు.) గడ్డిచేమంతి నిశ్శబ్దంగా వచ్చి గాయాలకు మందైంది. వయ్యారిభామ పీడ అయింది. కనుక ఎక్కడ పుట్టిందన్నది మొక్క గుణాన్ని నిర్ణయించదు. వచ్చిన చోట ఏమి చేస్తున్నదన్నదే లెక్క.

ఈ మాట కెనడాకూ వర్తిస్తుంది. ఆగస్టు నుంచి మొదటి మంచు దాకా కిచెనర్ చుట్టుపక్కల పొలాలను బంగారు రంగుతో నింపే గోల్డెన్‌రాడ్ ఈ గడ్డ మీద పుట్టినదే. శరత్కాలంలో మెక్సికోకు పయనమయ్యే మోనార్క్ సీతాకోకచిలుకలకు దారిబత్తెం దాని తేనె, దానితో పాటు పూచే ఊదారంగు ఆస్టర్ల తేనె. అదే గోల్డెన్‌రాడ్‌ను అందానికి మురిసి యూరప్ తోటలకు, 1935లో షాంఘైకి తీసుకువెళితే, అక్కడ వయ్యారిభామ వలె పొలాలను ఆక్రమించింది. పుట్టింట లక్ష్మి, మెట్టినింట పీడ. దానికి ఇంకొక అపనింద కూడా ఉన్నది. ఆగస్టు చివర తుమ్ములు, కళ్లమంట మొదలవగానే కనిపించేది ఈ పసుపు పువ్వే కాబట్టి నేరం దాని మీద పడుతుంది. దాని పుప్పొడి బరువైనది, జిగటైనది. తేనెటీగ కాళ్లకు అంటుకుని పోతుందే గాని గాలిలో ఎగరదు. అసలు దోషి అదే సమయంలో, అదే గట్ల మీద, ఆకుపచ్చని పూలతో ఎవరి కంటా పడని రాగ్‌వీడ్. అదీ ఈ కుటుంబమే, అదీ ఈ గడ్డదే. గాలికి పుప్పొడి వెదజల్లే దానిని అంటారియో ప్రభుత్వం హానికర కలుపుగా ప్రకటించింది. రాగ్‌వీడ్ సరిపడనివారికి అదే కుటుంబానికి చెందిన కామొమైల్ టీ కూడా ఒక్కొక్కసారి పడదు. ఆ సంగతి గుర్తుంచుకోవడం మేలు.

ఇంతకూ ఎద్దుకన్ను డైసీ సంగతేమిటి? దాని నేరచరిత్ర వయ్యారిభామ అంతటిది కాదు. ఈగలు, తేనెటీగలు దాని మీద వాలుతాయి. అయితే పశువులు దానిని ఇష్టపడవు. తిన్నా పాలకు అదొక రుచి వస్తుంది. ఒక బలమైన మొక్క వేలాది విత్తనాలు రాలుస్తుంది. ముప్పైతొమ్మిదేళ్లు నేలలో పాతిపెట్టిన తరువాత కూడా కొన్ని మొలకెత్తినట్లు పరీక్షలలో తేలింది. ఆల్బెర్టా రాష్ట్రంలో అది చట్టరీత్యా హానికర కలుపు. ఇటువంటి మొక్కను దుకాణాలు అడవిపూల మిశ్రమం అన్న అందమైన పొట్లాలలో పెట్టి అమ్ముతుంటే, కెనడా ప్రకృతికి సేవ చేస్తున్నామన్న సంతోషంతో కొత్త ఇంటివారు పెరటినిండా చల్లుతున్నారు. తప్పు డైసీది కాదు. పొట్లం మీద ఏ మొక్కలున్నాయో చదవని కొనుగోలుదారుదీ, స్పష్టంగా చెప్పని అమ్మకందారుదీ.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినిపిస్తుంది. తాము వలస వచ్చినవారై ఉండి, వలస వచ్చిన మొక్కను పరాయిదని నిందించడం తగునా అని. మాట చమత్కారంగా ఉన్నది గాని పోలిక కుదరదు. మనిషి కొత్త దేశానికి వచ్చి అక్కడి చట్టం తెలుసుకుంటాడు, పొరుగువారిని చూసి నేర్చుకుంటాడు, తప్పుచేస్తే మానుకుంటాడు. విత్తనానికి అటువంటి స్వేచ్ఛ లేదు. తన రసాయనం, తన శత్రువులు లేని నేల, ఈ రెండే దాని ప్రవర్తనను నిర్ణయిస్తాయి. మనుషుల గురించిన వాదాన్ని మొక్కల మీద రుద్దడం ఎంత పొరపాటో, మొక్కల గురించిన భాషను మనుషుల మీద ప్రయోగించడం అంతకంటే పెద్ద పొరపాటు. మొక్కను తెచ్చేది, నాటేది మనిషి గనుక బాధ్యత కూడా అతనిదే.

ఆ బాధ్యత తెలుగు కుటుంబాల విషయంలో సూట్‌కేసు దగ్గర మొదలవుతుంది. స్వదేశం నుంచి తిరిగివచ్చేటప్పుడు బంతి విత్తనాలు, గోంగూర విత్తనాలు కాగితంలో మడిచి బట్టల మధ్య పెట్టుకోవడం, ఒక్కొక్కసారి తులసి మొక్కను మట్టితో సహా తేవడం ఎరగనివారు లేరు. విత్తనాలను విమానాశ్రయంలో తెలియజేయాలని, మట్టి అసలు తేరాదని కెనడా నిబంధన. దీనిని అధికారుల చాదస్తంగా భావించేవారు ఒక పొలం గట్టు మీద వయ్యారిభామను తలచుకుంటే చాలు. ఇక్కడి చలికి మన కలుపు బతకదులే అన్న ధీమా కూడా సరికాదు. చలికి బతికే హిమాలయపు మొక్కలు ఎన్నో ఉన్నాయి, మట్టిలోని పురుగులు, బూజులు వేరే.

రెండవది పెరడు. అంటారియోలో 2009 ఏప్రిల్ 22 నుంచి ఇళ్ల పచ్చికమీద కేవలం అందం కోసం కలుపుమందులు చల్లడం నిషిద్ధం. అందువల్ల ఏ మొక్కను ఉంచాలో, ఏది చేత్తో పెరకాలో గృహస్థుకు తెలియక తప్పదు. డైసీ నాలుగు మొక్కలుంటే కోసి గుత్తిగా పెట్టుకోవచ్చు, విత్తనం కట్టకముందే కోయాలి, విత్తనాలు కొనవద్దు. వాటికి బదులు ఈ నేలవే అయిన న్యూ ఇంగ్లండ్ ఆస్టర్, గోల్డెన్‌రాడ్, బ్లాక్-ఐడ్ సూజన్ పెంచుకోవచ్చు. స్థానిక మొక్కలు అమ్మే నర్సరీలలో ఇవి దొరుకుతాయి. తోటంతా అవే ఉండాలని కాదు. బంతి నారు ఒక పక్క ఉన్నంతమాత్రాన ప్రమాదం లేదు, మంచు పడగానే అది చనిపోతుంది.

కిచెనర్-వాటర్లూలో సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట బతుకమ్మ పేర్చేవేళ తంగేడు, గునుగు దొరకవు. దుకాణం కుండీలలోని చేమంతులతో సరిపెట్టుకుంటారు. సరిగ్గా ఆ రోజులలోనే గోల్డెన్‌రాడ్ తంగేడు పసుపుతో, ఆస్టర్ దట్టమైన ఊదారంగుతో నిండుగా పూసి ఉంటాయి. హ్యూరన్ నేచురల్ ఏరియా వంటి సంరక్షిత స్థలాలలోనివి కోయరాదు. అక్కడివి సీతాకోకచిలుకలకు వదలాలి. సొంత పెరట్లోనివి కోసుకోవచ్చు. వాటి తొడిమలు చేతికి తగిలితే దురద పుట్టేవారు చేతికి తొడుగు వేసుకోవడం మంచిది. ఆస్టర్ విత్తనాలు చల్లవలసిన కాలం వసంతం కాదు, నవంబరు. మొదటి మంచుకు ముందు గీరిన నేలపై చల్లి, మట్టి కప్పకుండా అదిమి వదిలేయాలి. శీతాకాలమంతా తడిలో, చలిలో ఉంటేనే ఏప్రిల్‌లో మొలక బాగా వస్తుంది; మొదటి ఏడు ఆకులతోనే గడిపి, పూత రెండవ ఏట నిండుగా వస్తుంది.